గేమ్‌లో హీరో జంప్ వెనకున్న లెక్క: వర్టెక్స్ ఫారం, స్టాండర్డ్ ఫారం

క్వాడ్రాటిక్స్ చదివే చాలామందికి వచ్చే డౌట్ ఇది: "అన్నా, ఒకే ఫంక్షన్‌ని రెండు రకాలుగా ఎందుకు రాయాలి?" ఈ రోజు ఫోన్‌లో ఆడే గేమ్‌తోనే జవాబు చెప్తా.

హీరో జంప్ చేయాలి. డిజైనర్ ఏమంటాడు? "అర సెకనులో 3 మీటర్ల పైకి వెళ్ళాలి, అక్కణ్ణుంచి కిందికి దిగాలి" అంటాడు. అంటే ఆయన చెప్పింది కర్వ్ పై కొన గురించి. అదే వర్టెక్స్. ఉన్నదున్నట్టు రాసేద్దాం:

ఎత్తు = ఏ(టీ − 0.5)² + 3

టీ అంటే టైమ్, చాయ్ కాదు. టీ సున్నా అయినప్పుడు హీరో నేల మీదే ఉంటాడు. కాబట్టి 0.25ఏ + 3 = 0, అంటే ఏ = −12.

కానీ కోడ్ రాసేవాడికి ఇది సరిపోదు. నేల వదిలేటప్పుడు స్పీడ్ ఎంత, గ్రావిటీ ఎంత, ఈ రెండూ కావాలి. అందుకే బ్రాకెట్ విప్పుదాం. (టీ − 0.5)² అంటే టీ² − టీ + 0.25. మధ్యలో ఆ "− టీ"ని మర్చిపోయేవాళ్ళు బోలెడంతమంది! మొత్తాన్ని −12తో గుణిస్తే −12టీ² + 12టీ − 3. బయటున్న 3 కలిపితే:

ఎత్తు = −12టీ² + 12టీ

టీ పక్కనున్న 12 మొదటి స్పీడ్, సెకనుకి 12 మీటర్లు. టీ² పక్కనున్న 12 గ్రావిటీలో సగం, కాబట్టి గ్రావిటీ 24. భూమ్మీద అది 9.8 మాత్రమే. గేమ్స్‌లో ఇలా పెంచడం మామూలే, లేకపోతే హీరో బెలూన్‌లా తేలుతున్నట్టు ఉంటాడు.

ఇప్పుడు రివర్స్. క్రికెట్‌లో బ్యాటర్ బంతిని గాల్లోకి లేపాడు. గ్రావిటీ 10 అనుకుందాం, గాలి సంగతి వదిలేద్దాం.

ఎత్తు = −5టీ² + 20టీ + 1

బంతి ఎంత పైకి వెళ్తుంది? దీన్ని చూస్తే తెలీదు. ముందు −5 బయటికి తీయండి: −5(టీ² − 4టీ) + 1. 4లో సగం 2, దాని స్క్వేర్ 4. ఆ 4ని లోపల కలపాలి. మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే! లోపల కలిపింది 4 అయినా బయట −5 ఉంది కదా, అంటే నిజంగా చేరింది −20. దాన్ని సరిచేయడానికి బయట +20 వేయాలి.

ఎత్తు = −5(టీ − 2)² + 21

2 సెకన్లకి 21 మీటర్లు, దాదాపు ఏడంతస్తుల బిల్డింగ్ అంత! 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ ఈ పద్ధతిని బొమ్మ గీసే చూపించాడు: చతురస్రంలో ఖాళీగా ఉన్న మూలని నింపడం. "స్క్వేర్ పూర్తి చేయడం" అనేది ఊరికే పెట్టిన పేరు కాదు.

మైనస్ బీ బై 2ఏ షార్ట్‌కట్ తెలిసినవాళ్ళు చెక్ చేసుకోండి: −20 బై −10, అంటే 2. ఆబ్జెక్టివ్ ఎగ్జామ్‌లో నేనైతే అదే వాడతా.

ఇంకోటి. కర్వ్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి, పైకి 2 సెకన్లు పడితే మళ్ళీ బ్యాట్ తగిలిన ఎత్తుకి దిగడానికీ 2 సెకన్లే. అంటే ఫీల్డర్‌కి బంతి కిందకి చేరడానికి 4 సెకన్ల టైముంది.