వరి ఊక బూడిద: గృహ నిర్మాణంలో వినియోగం

కె.సి. కాలువ, కుందూ నది పరిసరాల్లో వరి పండే చాపాడు ప్రాంతంలో పంట చేతికి వచ్చాక రెండు శేషాలు మిగులుతాయి: పొలంలో గడ్డి, మిల్లులో ఊక. రెండింటినీ వ్యర్థాలుగా ఒకే గాటన కట్టరాదు. గడ్డి పశువుల మేత. పైరు తీసుకొన్న పొటాష్‌లో అధిక భాగం అందులోనే ఉంటుంది. దానిని ఊరు దాటిస్తే పశువుకూ నేలకూ నష్టమే. ఊక మేతకు పనికిరాదు. సిలికా అధికంగా ఉండడం వల్ల త్వరగా చివకదు. కావున నిర్మాణానికి మళ్లించదగినది ఊకే.

వడ్ల బరువులో సుమారు 20 శాతం ఊక ఉంటుంది. కాల్చిన ఊకలో సుమారు 20 శాతం బూడిదగా మిగులుతుంది. అనగా 100 క్వింటాళ్ల వడ్ల నుండి 20 క్వింటాళ్ల ఊక, 4 క్వింటాళ్ల బూడిద లభిస్తాయి. బాగా కాలిన బూడిదలో 85 శాతానికి పైగా సిలికాయే.

అయితే బూడిద విలువను నిర్ణయించేది మంట. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ లోపు అదుపులో కాల్చినప్పుడు సిలికా స్ఫటిక రూపం పొందదు. అట్టి బూడిదను మెత్తగా నూరి కలిపితే, సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో చర్య జరిపి బంధక పదార్థంగా మారుతుంది. కాంక్రీటులోని సూక్ష్మ రంధ్రాలు పూడి, నీరు ఇంకడం తగ్గుతుంది. మంట మితిమీరితే సిలికా స్ఫటికంగా మారి చురుకుదనం కోల్పోతుంది. ఆ ధూళి ఊపిరితిత్తులకూ హానికరం. సరిగా కాలని నల్ల బూడిదలో బొగ్గు మిగిలి నాణ్యత తగ్గుతుంది. అందుచేత మిల్లు కొలిమిలోని బూడిదను పరీక్షించకుండా వాడరాదు.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456:2000 కాంక్రీటులో ఊక బూడిద వినియోగాన్ని గుర్తించింది. సాధారణంగా సిమెంటులో 10 నుండి 15 శాతం వరకు బదులుగా వాడవచ్చు. బూడిద నీటిని ఎక్కువగా పీల్చుకొంటుంది. బలం నిదానంగా వస్తుంది. కనుక కట్టడాన్ని 14 రోజుల పాటు తడుపుతూ ఉండాలి.

ఎర్రగుంట్ల పరిసరాల్లో సున్నపురాయి, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. సున్నపురాయిని కాల్చి సిమెంటు తయారుచేసేటప్పుడు పెద్ద మొత్తంలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఊక బూడిద ఆదా చేసే ప్రతి బస్తా సిమెంటు ఆ భారాన్ని కొంత తగ్గిస్తుంది. మిల్లులు మంటను అదుపు చేసి, బూడిదను నూరి, పరీక్షించి అమ్మగలిగితే నేడు గుట్టలుగా పడి ఉండే శేషం రేపు ధర పలుకుతుంది.