బాగుందని మాత్ర మానకండి



రక్త క్యాన్సర్ అనే మాట వినగానే ఇంటిల్లిపాదీ కన్నీళ్లు పెట్టుకోవడం మేము చూస్తుంటాము. కాని రక్త క్యాన్సర్లన్నీ ఒకటి కావు. పెద్దవారిలో నెమ్మదిగా పెరిగే ఒక రకం ఉంది. దాని పేరు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, పొట్టిగా సి.ఎమ్.ఎల్.

మన కణాలలోని 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు ఒకదాని స్థానంలోకి ఒకటి మారిపోవడం వల్ల ఇది మొదలవుతుంది. ఇలా పొట్టిదైన 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో కనుగొన్నారు. (ప్రకటన గ్రంథంలో చదివే ఊరు కాదు, అమెరికాలోనిది.) ఆ మార్పువల్ల ఎముక మూలుగ తెల్లకణాలను ఆగకుండా తయారుచేస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, పిల్లలకు సంక్రమించదు. ఎవరి పాపానికీ శిక్ష కాదు.

నీరసం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఎడమ ప్రక్కటెముకల క్రింద బల్ల పెరిగి కొంచెం తినగానే కడుపు నిండినట్లుండడం దీని లక్షణాలు. కొందరికి ఏమీ తెలియదు. వేరే పనికి చేయించిన రక్తపరీక్షలో బయటపడుతుంది.

ఒకప్పుడు మూలుగ మార్పిడి తప్ప నయమయ్యే మార్గం లేదు. 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చింది. ఇది తప్పుడు ఆజ్ఞ ఇచ్చే ప్రొటీనునే అడ్డుకుంటుంది. సాధారణంగా రోజుకు 400 మిల్లీగ్రాములు, భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. కళ్లచుట్టూ వాపు, వికారం, పిక్కలు పట్టడం రావచ్చు. అవి వస్తే డాక్టరుకు చెప్పండి, మీకై మీరు మానకండి. ఇది పనిచేయకపోతే వేరే మాత్రలున్నాయి.

మాకు బాధ కలిగించేది ఒకటే. కొద్ది నెలల్లో కణాల లెక్క సరిపడుతుంది, బల్ల తగ్గుతుంది. "ప్రార్థన చేయించుకున్నాం, స్వస్థత కలిగింది, ఇంకా మందెందుకండీ?" అంటారు. మేమూ ప్రార్థిస్తాము. అయితే హిజ్కియా బాగుపడతాడని దేవుని మాట చెప్పిన యెషయాయే అతని పుండుకు అంజూరపు ముద్ద కట్టమన్నాడు కదా! మామూలు రక్తపరీక్షకు కనబడని కణాలు ఇంకా మిగిలి ఉంటాయి. బి.సి.ఆర్.-ఏ.బి.ఎల్. అనే పరీక్షకే అవి తెలుస్తాయి. మందు ఆపితే అవి మళ్లీ పెరిగి, జబ్బు ఉధృత దశకు చేరవచ్చు. అప్పుడు చికిత్స చాలా కష్టం. ఏళ్ల తరబడి పరీక్షలు బాగున్న కొందరికే, డాక్టరు పర్యవేక్షణలో, మాత్ర ఆపి చూస్తారు.

గర్భం ధరించదలచిన సోదరీమణులు ముందే మాతో మాట్లాడాలి. పసరు మందులు వాడుతుంటే దాచకుండా చెప్పండి. వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వాడిన మాత్రల అట్టలు తెచ్చుకోండి.