నీటి నడుమ నూతులు: వెనిసు నగరము

వెనిసు నగరమున రైలు దిగి వెలుపలికి వచ్చినవారు ఒక్క క్షణము కదలక నిలిచిపోవుదురు. ఎదుట బండ్లుండవు, బాటయు నుండదు. విశాలమైన మెట్లు, ఆ మెట్ల చివర పచ్చని నీరు, నీటిమీద పడవలు. గ్రాండు కెనాలను నా కాలువయే యచటి రాజవీథి. ఇటలీ దేశపు ఈశాన్యతీరమున, మన పులికాటు సరస్సువంటి యొక ఉప్పునీటి కయ్యలో నిలిచిన యూరిది. 118 చిన్న లంకలు; వానిని గలుపు వంతెనలు 400కు పైగా. బురదలో కొయ్యగుంజలు దిగగొట్టి, వానిపై రాతిపునాదులు వేసి మేడలు లేపిరి. ఆ వీథులలో కారుగాని సైకిలుగాని తిరుగదు. ఇంటిసరకులు, రోగులు, తుదకు పాడెయు పడవమీదనే పోవలయును.

గొండోలా పడవలనుగూర్చి వ్రాయనివారు లేరు గనుక వానిని విడిచెదను. ఒక్క మాట మాత్రము: ఆ విహారమునకు చాల సొమ్మగును. గ్రాండు కెనాలును అడ్డముగా దాటుటకు ఊరివారెక్కు రేవుపడవలు కలవు. అవియు గొండోలాల తీరువే, వెల స్వల్పము. నా ముచ్చట దానితోనే తీఱినది.

నన్ను వేధించిన సందేహము వేఱు. చుట్టును నీరే; అదియంతయు నుప్పునీరు. ఈ యూరి యిల్లాండ్రు ఇన్ని వందల యేండ్లు త్రాగుటకును వండుటకును నీరెచటనుండి తెచ్చుకొనిరి?

జవాబు వీథిలోనే యున్నది. పేటపేటకును రాళ్లు పఱచిన మైదానముండును. దానిని ‘కాంపో’ యందురు. నడుమ చెక్కడపుబనితో నొక నూతివర. చూచుటకు నూయియే, కాని యక్కడ త్రవ్విన ఉప్పునీరు గాక మఱేమి వచ్చును? అది నిజమునకు వాననీటి తొట్టి. మైదానమును లోతుగా త్రవ్వి, కయ్యనీరు చొరకుండ జిగటమట్టి మెత్తి, ఇసుకతో నింపి, నడుమ ఇటుకలతో నూతిని గట్టిరి. ఇండ్లకప్పులపైనను రాతిపఱుపుపైనను బడిన వాన, నాలుగువైపుల నున్న చిల్లురాళ్లగుండ దిగి, ఇసుకలో తేటపడి, నడిమినూతిలోనికి ఊరును. మనము కుండలో ఇసుక, బొగ్గు వేసి నీరు వడకట్టుట యెఱుగుదుము గదా. మైదానమంత కుండ యనుకొనుడు. నూతులకు మూతలును తాళములును నుండెడివి. గంట మ్రోగించి దినమునకు రెండుమాఱులు తెఱచెడివారు. వానలు లేనినాడు బ్రెంటా నదీజలమును పడవలలో తెచ్చి పోసెడివారు. 1858లో లెక్కింపగా, ఇండ్ల ముంగిళ్లలోని నూతులే 6,000కు మించియుండెను.

19వ శతాబ్దమున నీరు మోయుట స్త్రీలకు వృత్తియయ్యెను. ఉత్తరమున ఫ్రియూలీ సీమనుండి వచ్చిన బీదపడుచులు, భుజముమీద వంపుబద్ద, దాని కొనలకు రెండు బొక్కెనలతో ఇల్లిల్లు దిరిగి నీరమ్మెడివారు. అది మన కావడియే! ఆ బద్దకు ‘బిగొలో’ యని పేరు. దానినిబట్టి వారిని ‘బిగొలాంతి’ యనిరి. దోజుల భవనపు ముంగిట 16వ శతాబ్దపు కంచువరలు రెండు కలవు; యాత్రికులు వానిచుట్టు మూగుదురు. నాకు పేటలలోని రాతివరలే నచ్చినవి. వాని యంచులను తడవి చూచినచో త్రాళ్లొరసిన గాట్లు చేతికి తగులును.

ఇట్లు నూయి నూయి చూచుకొనుచు రియాల్టో వంతెన దాటి పోగా, ‘మిలియోన్’ పేరు గల యిఱుకు ముంగిలి యొకటి యెదురైనది. మార్కో పోలో కుటుంబపు టిండ్లు అక్కడనే యుండెనట. మన మోటుపల్లి రేవును, సాలెగూటివంటి సన్ననిబట్టలను, ఆ సీమ నేలిన రాణిని కొనియాడి వ్రాసినవాడాతడే. ఆ రాణి రుద్రమదేవియని చరిత్రకారులు చెప్పుదురు. అంతదూరమున మనయింటిమాట వినబడినట్లయినది.

నూతులకు శత్రువు సముద్రమే. పోటు పొంగినపుడు ఉప్పునీరు జొచ్చి మంచినీటిని జెఱచెడిది. అందుకే కొన్ని వరలను మెట్లుగట్టి యెత్తున నిలిపిరి. 1884లో గొట్టముల నీరు వచ్చినది; నూతులకు పని తీఱినది. పొంగు మాత్రము తీఱలేదు. కొలతగుర్తుకు పైని 1966 నవంబరు 4న 194 సెంటీమీటర్లు, 2019 నవంబరు 12న 187 సెంటీమీటర్లు నీరెక్కెను. కయ్యముఖములయొద్ద 78 తలుపులమర్చి, 2020 అక్టోబరు 3న పోటువేళ వానిని మొదటిసారి యెత్తిరి.

ఇప్పుడా వరలు లోహపుమూతలు వేసికొని యున్నవి. కాంపోలలో చిన్న కుళాయిలు పాఱుచుండును. ఆ నీరు త్రాగవచ్చును, సీసా కొనబనిలేదు. నీరు వచ్చినది గాని త్రాగు కాపురస్థులు తఱిగిపోయిరి. 1951లో ఈ లంకలపై 1,75,000 మంది దాక నుండిరి; 2022లో 50,000కు దిగువకు వచ్చిరి. అందుకు మావంటి యాత్రికులును కొంత కారణమే. అతిథులకు గదులిచ్చిన వచ్చు రాబడిని కాపురస్థులు అద్దెగా నీయజాలరు. రొట్టెలంగడి పోయి ముసుగుబొమ్మల యంగడి వచ్చును. 2008లో నొక మందులకొట్టువారు ఊరి జనసంఖ్యను అద్దములో అందఱకు కనబడునట్లు పెట్టిరి. పగలు వచ్చి పగలే పోవువారినుండి 2024లో కొన్ని దినములయందు 5 యూరోల సుంకము గైకొన మొదలిడిరి. అది యన్యాయమని నాకు తోచలేదు.

వెళ్లదలచిన సోదరీమణులు రెండు రాత్రులైనను నిలువుడు. కాస్టెల్లో, కన్నరేజియో పేటలలో సాయంకాలము ఏదేనొక కాంపోలో కూర్చుండుడు. పిల్లలు నూతివరచుట్టు బంతియాడుచుందురు. తల్లులు ప్రక్కన మాటలాడుకొనుచుందురు. కూరగాయలు నింపిన చక్రముల సంచిని మెట్టు మెట్టునకు లాగికొనుచు ముసలమ్మ యెవరైన వంతెన యెక్కుచుండిన, తొలగి త్రోవ యిండు. ఒక చేయి వేసిన నామె కాదనదు.