నిలిచిన శిల, కదిలిన నీరు

నాగర్‌కర్నూల్ జిల్లాలోని మన్ననూర్ నల్లమల అడవికి ముఖద్వారం. అక్కడి అటవీశాఖ తనిఖీ కేంద్రం దాటి శ్రీశైలం దారిలో సాగి, వటవర్లపల్లి వద్ద పక్కకు మళ్ళితే మల్లెలతీర్థం జలపాతం చేరవచ్చు. రాత్రివేళ ఈ అరణ్యమార్గంలో వాహనాలను అనుమతించరు. తెల్లవారిన పిదప లభించే లేత వెలుగే జలపాతాన్ని చిత్రించడానికి అనుకూలమైనది.

కెమెరా షట్టరు 1/500 సెకను మాత్రమే తెరుచుకుంటే ప్రతి నీటిబిందువూ గాలిలో ఆగినట్లు కనిపిస్తుంది. ఒక సెకను తెరిచి ఉంచితే అదే ధార పలుచని తెల్లని తెరలా పరుచుకుంటుంది. అయితే వ్యవధి పెరిగిన కొద్దీ కాంతి అధికమై చిత్రం తెల్లబారుతుంది. అందువల్ల కటకం ముందు బూడిదరంగు ఫిల్టరును అమర్చుతారు. వెలుతురులో ఎనిమిదవ వంతునే లోనికి విడిచే ఫిల్టరు ఉంటే, 1/8 సెకను చాలేచోట 1 సెకను తెరిచి ఉంచవచ్చు. ఆ వ్యవధిలో కెమెరా కదిలితే శిలలు సైతం చెదిరినట్లు పడతాయి. కనుక మూడుకాళ్ళ స్టాండు తప్పనిసరి.

కంటికి కనిపించని ఈ తెర అసత్యమా? 1838లో డాగేర్ పారిస్ వీధిని చిత్రించినప్పుడు ఫలకంపై కాంతిముద్ర పడడానికి నిమిషాలు పట్టింది. సాగిపోయే జనమూ, బండ్లూ చిత్రంలో నిలవలేదు. బూట్లకు మెరుగు పెట్టించుకుంటూ నిలుచున్న ఒక వ్యక్తి స్పష్టంగా మిగిలాడు. అది చూసి వీధి నిర్జనమని భావించడం పొరపాటు. చిత్రానికి పట్టిన కాలం తెలిసినవారే దానిని సరిగా చదవగలరు. మల్లెలతీర్థపు తెల్లని తెర కూడా ఒక సెకనులో జారిపోయిన అసంఖ్యాక బిందువుల జాడ.