ట్రాక్టరు కింద దూరే డ్రైవరుకు దిక్కెవరు?

దమ్ముల కాలం ముగిసేసరికి ట్రాక్టర్ల ముందు యాక్సిళ్లు ఒదులవుతాయి. మామూలు ట్రాక్టరుకు ముందు యాక్సిల్ బండికి బిగదీసి ఉండదు. నడిమి పిన్ను మీద కావడిబద్దలా ఊగుతుంది. ఒక చక్రం గట్టెక్కినా బండి ఒరగకుండా నిలిచేది అందుకే. ఆ పిన్ను, దాని బుష్షు, రెండు కొసల కింగ్‌పిన్నులు రోజుల తరబడి బురదలో నానతాయి. గ్రీజు పోయి బురదనీళ్లు చేరితే ఇనుమును ఇనుమే తింటుంది. స్టీరింగు చేతిలో కొట్టుకుంటుంది, టైర్లు ఒకపక్కనే అరుగుతాయి. ముందు లోడరు తగిలించిన బండ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక్కడే ఆసామి లెక్క మొదలవుతుంది. షెడ్డుకు పంపితే మజూరీ ఖర్చు, పైగా బాడుగ పోతుంది. "నువ్వే విప్పరా, కొట్టం దగ్గర" అని డ్రైవరు మీదికి తోస్తాడు. పగిలిన యాక్సిల్‌కు వెల్డింగు అతుకు వేయించి మళ్లీ ఎక్కించమనేవాళ్లూ ఉన్నారు. తోడుకు ఒక పాలేరు కుర్రాడు, ఒక జాకీ. అంతే సరంజామా!

మన కుర్రాళ్లు ఒకటి గట్టిగా పట్టుకోవాలి. జాకీ ఉన్నది బండిని లేపడానికే గాని నిలపడానికి కాదు. మెత్తని నేల మీద అది ఒరిగిందంటే కింద ఉన్నవాడు లేచే ప్రశ్నే లేదు. గట్టి చదును నేల చూసుకోవాలి. ట్రక్కు విప్పి, ముందు బరువులు తీసి, వెనక చక్రాలకు రెండువైపులా దిమ్మెలు పెట్టాలి. చక్రాల నట్లు నేల మీద ఉండగానే ఒదులు చేసుకోవాలి. లేపాక ఛాసిస్ కింద స్టాండ్లో, రైలు స్లీపరు దుంగలో పేర్చి బండి బరువు వాటిమీదికి దింపాలి. అప్పుడే చక్రాలు, స్టీరింగు రాడ్డు విప్పేది. పిన్ను లాగేముందు యాక్సిల్ కింద రెండో జాకీ ఉండాలి. ఆ దుక్క ఒక్కడి చేతికి ఆగేది కాదు. కొత్తది ఎక్కించాక గ్రీజు బయటికి కనిపించేదాకా కొట్టాలి, ముందు చక్రాల వరస సరిచూడాలి, కొన్ని గంటలు నడిపాక నట్లు మళ్లీ బిగించాలి.

ఆ స్టీరింగును నమ్ముకుని ట్రక్కులో కూర్చునేది మన ఆడకూలీలే. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాల్వలో పడి 15 మంది పోయారు. అది యాక్సిల్ వల్ల జరిగిందని మేము అనడం లేదు. కాని సరుకుల బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో 2002లోనే తేల్చింది. బీమా లేదంటే భారం బండి యజమానిదే. అతను చేతులెత్తేస్తే?

డ్రైవరు సంగతి వేరు. ట్రాక్టరుతో సాగుపని చేసేవాళ్లు 1923 నాటి నష్టపరిహార చట్టం జాబితాలో ఉన్నారు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలోకి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఈ కోడ్‌లతో మన తగాదా మనకుంది. అయినా పనిలో దెబ్బ తగిలితే యజమానే పరిహారం కట్టాలన్న సూత్రం అందులోనూ ఉంది.

అందుకే ఈ ఏడు జీతం బేరాల్లో రెండు మాటలు కలపమంటున్నాం. యాక్సిల్ పని షెడ్డులోనే, ఆసామి ఖర్చుతోనే జరగాలి. డ్రైవరుకు నెలనెలా జీతం చీటీ రాసివ్వాలి. చీటీ లేకపోతే రేపు లేబరు ఆఫీసులో "వీడెవడో నాకు తెలీదు" అనడానికి ఆసామికి నిమిషం పట్టదు.