అమెరికాలో అద్దె ఇల్లు: మా కళ్ళు తెరిపించిన ఒక కాగితము

మన కుటుంబాలలో అనేకుల పిల్లలు ఇప్పుడు అమెరికాలో ఉద్యోగాలు చేసికొంటున్నారు. ఫోనులో జీతము సంగతి చెబుతారు గాని, ఇంటి అద్దె సంగతి అంతగా చెప్పరు. 2025 ఆగస్టులో మేమిద్దరము న్యూయార్కు నగరములోని మా అబ్బాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ భారమెంతో కళ్ళారా చూచాము.

వారు క్వీన్స్ ప్రాంతములో ఎల్మ్‌హర్స్ట్ అనే చోట ఒక పాత ఇటుకల మేడలో రెండేళ్ళుగా ఉంటున్నారు. అద్దె నెలకు 2,000 డాలర్లు. నవంబరు ఆఖరుకు ఒప్పందము ముగుస్తుంది. మేము వెళ్ళిన వారానికే ఉత్తరము వచ్చింది: డిసెంబరు నుండి 2,400 ఇవ్వాలి, లేకపోతే ఖాళీ చేయాలి. కోడలికి అప్పుడు ఆరో నెల. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నము సహించలేదు.

మరునాటి నుండి ఇల్లు వెదకడము మొదలుపెట్టారు. ఒక ప్రకటనలో మంచి ఇల్లు, తక్కువ అద్దె కనిపించింది. ఫోను చేస్తే, "నేను ఊళ్ళో లేను. అద్దె, అడ్వాన్సు ముందు పంపండి, తాళము పోస్టులో వస్తుంది" అన్నాడు. అబ్బాయి పంపబోయాడు. "చూడని ఇంటికి డబ్బు ఏమిట్రా?" అని మేము ఆపాము. వెళ్ళి చూస్తే, ఆ మేడలో ఖాళీయే లేదని అక్కడి కాపలా మనిషి చెప్పాడు.

పిల్లలకు చెప్పవలసిన మొదటి సంగతి ఇదే. 2019 చట్టము ప్రకారము అక్కడ అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించకూడదు. దరఖాస్తు పరిశీలన రుసుము 20 డాలర్లకు మించకూడదు. 2025 జూన్ 11 నుండి బ్రోకరును ఎవరు పెట్టుకొంటే వారే అతనికి డబ్బు ఇవ్వాలి. యజమాని పెట్టుకొన్న బ్రోకరుకు మన పిల్లలు ఇవ్వనక్కరలేదు.

మా దిగులు చూచి, పై అంతస్తులో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న ఒక పెద్దావిడ అబ్బాయిని ఒకే ప్రశ్న అడిగింది: "ఈ మేడ ఎప్పుడు కట్టారో తెలుసా? మీ వాటా రెంట్ స్టెబిలైజ్డ్ కాదని ఎవరు చెప్పారు?" ఆ మాట మేము వినడము అదే మొదలు.

న్యూయార్కులో ఇంచుమించు పది లక్షల వాటాలకు ఈ రక్షణ ఉంది. వీటి అద్దె యజమాని ఇష్టము వచ్చినట్లు పెంచడానికి లేదు. మేయరు నియమించిన తొమ్మిది మంది సభ్యుల రెంట్ గైడ్‌లైన్స్ బోర్డు ఏటా ఎంత పెంచవచ్చునో నిర్ణయిస్తుంది. 2025 అక్టోబరు 1 నుండి 2026 సెప్టెంబరు 30 లోపు మొదలయ్యే ఒప్పందాలకు ఏడాదికైతే 3 శాతము, రెండేళ్ళకైతే 4.5 శాతము అని నిర్ణయించింది. 2015, 2016, 2020 సంవత్సరాలలో ఏడాది ఒప్పందానికి ఏమీ పెంచకూడదని కూడా చెప్పింది. పైగా అద్దెదారు కోరితే ఒప్పందము పొడిగించి తీరాలి.

ఎలా గుర్తించాలి? సాధారణముగా 1974కు ముందు కట్టి, ఆరు లేక అంతకంటె ఎక్కువ వాటాలు ఉన్న మేడలు ఈ కోవలోనివి. పన్ను రాయితీ పొందిన కొన్ని కొత్త మేడలూ ఉన్నాయి. అటువంటి మేడల జాబితా బోర్డు ప్రకటిస్తుంది. అయితే మేడ జాబితాలో ఉన్నంత మాత్రాన ప్రతి వాటాకూ రక్షణ ఉన్నట్లు కాదు. 2019కి ముందు అద్దె బాగా పెరిగి, ఖాళీ అయిన కొన్ని వాటాలు చట్టబద్ధముగానే బయటికి పోయాయి.

రూఢిగా తెలిపేది ఒకే కాగితము. మన ఊళ్ళో పొలము కొనేముందు అడంగలు తీయించి చూస్తాము గదా! అక్కడ అద్దెకు కూడా అటువంటి రికార్డు ఉంది. దానిని రెంట్ హిస్టరీ అంటారు. ఏ ఏడు ఆ వాటా అద్దె ఎంతని నమోదైనదో అందులో ఉంటుంది. క్వీన్స్‌లోని జమైకాలో రాష్ట్ర గృహశాఖ కార్యాలయమున్నది. అందులో నివసించే అద్దెదారు అడిగితే ఉచితముగా పంపుతారు. ఇంకా చేరనివారు మాత్రము, ఒప్పందముతో జతచేయవలసిన రెంట్ స్టెబిలైజేషన్ పత్రము చూపమని యజమానిని అడగాలి.

అద్దె ఒక్కటే చూస్తే చాలదు. నగర గృహశాఖ ప్రతి మేడపై నమోదైన లోపాలను ఎ, బి, సి అని మూడు తరగతులుగా ఉంచుతుంది. సి తరగతి అంటే వెంటనే ప్రమాదము కలిగించేవి. గత ఏడాది నల్లుల బెడద ఉన్నదో లేదో యజమాని వ్రాసి ఇవ్వాలి. అక్టోబరు 1 నుండి మే 31 వరకు ఇల్లు వెచ్చగా ఉంచడము అతని బాధ్యత. వెచ్చదనము లేకపోతే 311కు ఫోను చేయవచ్చు. పాత అద్దెదారులను అడిగితే మిగతా సంగతులు వారే చెబుతారు.

మా అబ్బాయి జంకాడు. "వీసా మీద ఉన్నవాళ్ళము, యజమానితో మనకెందుకు నాన్నా?" అన్నాడు. కాని ఈ హక్కు అక్కడి పౌరులకే పరిమితము కాదు. హక్కు అడిగినందుకు కక్ష సాధించడము కూడా అక్కడి చట్టానికి విరుద్ధము. చివరకు దరఖాస్తు పెట్టాడు.

రికార్డు పోస్టులో వచ్చింది. వాటా ఏటేటా నమోదయి ఉన్నది! దాని నకలు జతచేసి మర్యాదగా ఉత్తరము వ్రాశాడు. కొద్ది రోజులకు సరియైన ఒప్పందము వచ్చింది: ఏడాదికైతే 2,060 డాలర్లు, రెండేళ్ళకైతే 2,090. వారు రెండేళ్ళకు సంతకము చేశారు. ఊరంతా వెదకిన ఇల్లు, వారు ఉంటున్న ఇల్లే అయినది.

ఒక హెచ్చరిక. మనవారు ఎక్కువగా ఉండే జెర్సీ సిటీ నది అవతల వేరే రాష్ట్రములో ఉన్నది. న్యూయార్కు నిబంధనలు అక్కడ చెల్లవు, అక్కడి నగర నిబంధనలు వేరుగా తెలిసికోవాలి.

తల్లిదండ్రులారా, ఈసారి పిల్లలు ఫోను చేసినప్పుడు "తిన్నారా" అని అడిగిన తరువాత, "మీ ఇంటి రికార్డు తీయించారా?" అని కూడా అడగండి. మేము రెండేళ్ళ ముందే అడిగి ఉంటే, ఆ రాత్రి మా కోడలు ఏడ్చి ఉండేది కాదు.