నికెల్ లేని నికెల్

ప్రొద్దుటూరు బంగారు దుకాణాల్లో గీటురాయి పక్కనే ఇప్పుడు టంచ్ మిషన్ కూడా కనిపిస్తోంది. జమ్మలమడుగు నుంచో పులివెందుల నుంచో పాత గొలుసు తెచ్చినవాళ్లకు దాన్ని రాయి మీద గీయకుండా, యాసిడ్ చుక్క వేయకుండా బంగారం ఎంతుందో చెప్పేస్తుంది. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో చేరే అయిదు సెంట్ల బిళ్లల గుట్టు కూడా అది విప్పగలదు.

ఆ బిళ్లను అక్కడ నికెల్ అంటారు. 1866 నుంచి అందులో 75 శాతం రాగి, 25 శాతం నికెల్. బరువు 5 గ్రాములు. రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్ ఆయుధాలకు కావలసివచ్చింది. దాంతో 1942 చివరి నుంచి 1945 దాకా రాగి 56, వెండి 35, మాంగనీసు 9 శాతం కలిపి పోశారు. తూకం మాత్రం అదే 5 గ్రాములు, కాబట్టి త్రాసుకు తేడా తెలియదు. వెనకవైపు భవనం గుమ్మటం పైన పెద్దగా పి, డి, ఎస్ అక్షరాల్లో ఏదో ఒకటి ఉంటే అది వెండి బిళ్ల, అందులో వెండి 1.75 గ్రాములు. మన దగ్గర ఇది పూర్తిగా తిరగబడింది. 1940లో రూపాయిలో వెండి సుమారు 92 శాతం నుంచి సగానికి దిగింది, 1947 నాటికి రూపాయి అచ్చమైన నికెల్ అయింది. పులి బొమ్మ ఉన్న ఆ రూపాయి అయస్కాంతానికి అతుక్కుంటుంది. రాగి ఎక్కువున్న అమెరికా నికెల్ అతుక్కోదు.

ఈ తేడాలు పసిగట్టే టంచ్ మిషన్‌కు మూలపురుషుడు భౌతిక శాస్త్రవేత్త హెన్రీ మోస్లే. ఒక్కో మూలకం వెలువరించే ఎక్స్ కిరణాలకు దానిదైన శక్తి ఉంటుందని, అది పరమాణు సంఖ్యను బట్టి క్రమంగా పెరుగుతుందని 1913లో ఆయన కొలిచి చూపించాడు. పరమాణు భారం ప్రకారమైతే నికెల్ ముందు, కోబాల్ట్ తర్వాత రావాలి. కోబాల్ట్‌ది 27, నికెల్‌ది 28 అని ఆ కిరణాలే తేల్చాయి. రెండేళ్లకే, 27 ఏళ్ల వయసులో మోస్లే గల్లిపోలి యుద్ధరంగంలో తూటాకు బలయ్యాడు. అంతటి బుర్రను యుద్ధానికి పంపడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

టంచ్ మిషన్ నాణెం మీదికి ఎక్స్ కిరణాలు వదులుతుంది. పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ ఎగిరిపోతే పైకక్ష్యలోది ఆ ఖాళీలోకి దిగుతుంది. మిగిలిన శక్తి మరో ఎక్స్ కిరణంగా బయటికొస్తుంది. మామూలు బిళ్ల పెడితే తెరమీద 7.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర నికెల్, 8 దగ్గర రాగి శిఖరాలు ఆనుకుని లేస్తాయి. యుద్ధకాలపు బిళ్లకు నికెల్ శిఖరం ఉండదు. 5.9 దగ్గర మాంగనీసు, దూరంగా 22 దగ్గర వెండి కనిపిస్తాయి.

అయితే ఈ కిరణాలు చెప్పేది పైపొర సంగతే. పూత మందంగా ఉంటే మోసపోవచ్చు, అందుకే గీటురాయి ఇంకా పక్కనే ఉంది. ధర విషయంలోనూ దీన్ని పూర్తిగా నమ్ముకోలేం. స్వేచ్ఛాదేవి తల ఉన్న 1913 నికెల్‌లు లోకానికి తెలిసినవి అయిదే, ఒక్కోటి లక్షల డాలర్లు పలుకుతుంది. వాటిలోనూ అదే రాగి, అదే నికెల్. అక్కడ చూడవలసింది సంవత్సరం, ముద్రాక్షరం, అరుగుదల. పాత బిళ్ల దొరికితే చింతపండు పెట్టి తోమకండి. మెరుపు చూసి సేకర్తలు ధర తగ్గిస్తారు.